పాత గ్రాహకాలకు కొత్త బలం: ఒక విమర్శ

పాత రేడియో గ్రాహకం ఒకటి చేతికి వచ్చిన విద్యార్థికి మొట్టమొదట వినిపించే సలహా ఇది: "ముందర ఒక యాంప్లిఫయరు తగిలించు, దూరపు స్టేషన్లు పలుకుతాయి." రేడియో మరమ్మతు దుకాణంలోనూ ఈ మాటే. ఔత్సాహిక రేడియో అభిమానులు, అనగా హాములు, కలుసుకున్న చోటా ఈ మాటే. సలహా ఇచ్చేవారు మోసగాళ్లు కారు. వారి పెట్టె నిజంగానే బిగ్గరగా పలికి ఉంటుంది, సూచిక ముల్లు నిజంగానే కుడివైపుకు జరిగి ఉంటుంది. అయినా ఆ సలహా చాలా సందర్భాలలో తప్పు. ఆ తప్పు ఎక్కడున్నదో హైస్కూలు భౌతికశాస్త్రంతోనే కనుక్కోవచ్చును. జేబుఖర్చు మిగుల్చుకొని హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీకి వెళ్లి విడిభాగాలు కొనుక్కునే విద్యార్థి డబ్బు ఇందులో ఉన్నది. ఎనభై ఏళ్లు బ్రతికిన ఒక మంచి యంత్రం ప్రాణమూ ఇందులోనే ఉన్నది.

పాత గ్రాహకాలన్నీ ఒక్క తీరువి కావు. అమెరికాలో నేషనల్ కంపెనీ 1935లో తెచ్చిన హెచ్.ఆర్.ఓ. ఔత్సాహికులను దృష్టిలో పెట్టుకొని చేసినది. ఇంగ్లండులో యుద్ధకాలపు రహస్య సందేశాలను వినడానికి కూడా దానిని విరివిగా వాడారు. బి.సి.-348 అమెరికా బాంబరు విమానాలలో 28 వోల్టుల బ్యాటరీపై పనిచేసినది. ఆర్.1155 బ్రిటిషు లాంకాస్టర్ విమానాలలోది. ఇవి యుద్ధానంతరం మిగులు సామగ్రిగా ఎన్నో దేశాలలో అమ్ముడుపోయి ఔత్సాహికుల చేతికి వచ్చాయి. 1946లో హాలీక్రాఫ్టర్స్ అమ్మిన ఎస్.-38 మాత్రం ఆరు వాల్వుల చవక సెట్టు. దాని పెట్టెకు రూపమిచ్చినవాడు ప్రసిద్ధ రూపకర్త రేమండ్ లోవీ కాబట్టి చూపులకు మిగిలినవాటికంటె ముచ్చటగా ఉంటుంది. చూపులకు మాత్రమే! భారతదేశపు ఔత్సాహికుల సంఘం 1948లో మవ్ పట్టణంలోని సైనిక సిగ్నల్స్ పాఠశాలలో మొదలైనది. తెలుగు నేలపై 1983లో హైదరాబాదులో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఏర్పడినది. 2004 డిసెంబరులో సునామీ వచ్చినపుడు అండమానులో ఉండి సమాచారం నడిపిన భారతీ ప్రసాద్ బృందం ఈ సంస్థ నుంచి వెళ్లినదే. ఆమెవంటి వారు వాడేవి ఆధునిక యంత్రాలు. కాని గ్రాహకం లోపల ఏమి జరుగుతున్నదో కంటికి కనిపించేలా, సోల్డరింగు ఇనుముకు అందేలా ఉండేది పాత వాల్వు సెట్టే. ఉపాధ్యాయునికి అది ఒక ప్రయోగశాలవంటిది.

ఇక అసలు విషయం. గ్రాహకం ఎంత చిన్న సంకేతాన్ని వినగలదనేది అది ఎన్ని రెట్లు పెంచగలదన్న దానిపై ఆధారపడదు. సంకేతంతోపాటు వచ్చే రొదపై ఆధారపడుతుంది. ఏ నిరోధకంలోనైనా ఉష్ణం వల్ల ఎలక్ట్రానులు అస్తవ్యస్తంగా కదులుతుంటాయి. సాధారణ ఉష్ణోగ్రత వద్ద, 3 కిలోహెర్ట్జ్ వెడల్పు గల పట్టీలో, 50 ఓముల వద్ద ఈ రొద సుమారు 0.025 మైక్రోవోల్టు. దీనిని ఒక యూనిట్టు శక్తి అనుకొందాము. దీనికంటె తక్కువ రొద ఏరియల్ నుంచి రావాలని ఆశించవచ్చును. కాని అలా జరగదు. ఉరుములు, మెరుపులు, విద్యుత్తు తీగలు, మోటార్లు కలిసి ఏరియల్‌లోకి పంపే రొద దీనికి ఎన్నో రెట్లు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సమాఖ్య ఇచ్చిన సగటు లెక్కల ప్రకారం 7 మెగాహెర్ట్జ్ వద్ద గ్రామీణ ప్రాంతంలో మానవకృత్యాల వల్ల పుట్టే రొద ఒక్కటే సుమారు 25,000 యూనిట్లు. వోల్టేజిలో చెప్పవలెనంటే సుమారు 4 మైక్రోవోల్టులు.

ఇప్పుడు హుజూర్‌నగర్‌లో ఒక డాబాపై తీగ కట్టి, పాత సెట్టుకు తగిలించారనుకొందాము. వాల్వులు తమవంతుగా మరొక 9 యూనిట్ల రొద చేర్చే మధ్యరకపు సెట్టే అనుకొందాము. మొత్తం 25,009 అవుతుంది. దీని ముందర అతి ప్రశస్తమైన ట్రాన్సిస్టరు యాంప్లిఫయరు పెట్టి గ్రాహకపు వంతును ఒక్క యూనిట్టుకు తగ్గించారు. మొత్తం 25,001. ఖర్చు పెట్టిన డబ్బుకు, పడిన శ్రమకు దక్కినది 25,009లో 8! ఆ తేడాను ఏ చెవీ గుర్తించలేదు. సంకేతం ఎన్ని రెట్లు పెరిగినదో రొదా అన్ని రెట్లే పెరిగినది. సంతలో అందరి గొంతులూ ఒకే లౌడ్‌స్పీకరులో వినిపించినంత మాత్రాన ఒకరి మాట తెలియదు గదా!

ఈ లెక్కను నమ్మనివారికి ఒక పరీక్ష ఉన్నది. దీనికి పరికరమేదీ అక్కరలేదు. సెట్టును 7 మెగాహెర్ట్జ్ వద్ద స్టేషను లేని చోట నిలిపి, రొద బాగా వినిపించేటట్లు పెంచి, ఏరియల్ తీగను ఊడదీయాలి. రొద ఒక్కసారిగా పడిపోతే ఆ సెట్టు బయటి రొదను వినగలుగుతున్నదన్నమాట. అంతకుమించిన సూక్ష్మగ్రాహిత దానికి అవసరం లేదు. రొద ఏ మాత్రం తగ్గకపోతేనే సెట్టులో లోపమున్నట్లు. అప్పుడు కూడా ముందర యాంప్లిఫయరు పెట్టడం కంటె లోపమెక్కడో వెతకడం మంచిది. ఈ పరీక్షను తరగతిలో చేసి చూపడానికి ఒక నిమిషం పట్టదు. అయినా సలహాలిచ్చేవారిలో దీనిని ముందుగా చేయమనేవారు తక్కువ.

మరి ముల్లు ఎందుకు జరుగుతుంది? పాత సెట్టులో ముల్లును కదిలించేది ఆటోమాటిక్ వాల్యూం కంట్రోల్ వోల్టేజి. శోధకం వద్దకు చేరిన దానికి అది కొలత. సంకేతానికీ రొదకూ ఉండే నిష్పత్తికి కాదు. ముందర పది రెట్ల యాంప్లిఫయరు పెడితే ఖాళీ పట్టీలో కూడా ముల్లు లేస్తుంది. ఆ లేవడాన్నే మెరుగు అనుకోవడం తరాజుపై వేలు పెట్టి బరువు పెరిగినదనడం వంటిది. ఈ భ్రమకు కొంత పాఠాల బాధ్యత కూడా ఉన్నది. గ్రాహకాన్ని బోధించే పటంలో సాధారణంగా యాంప్లిఫయరు, మధ్యమ పౌనఃపున్య దశ, శోధకం, మళ్లీ యాంప్లిఫయరు అని గళ్లు గీస్తారు. రొదకు ఆ పటంలో గడి లేదు. పక్క స్టేషనుకూ లేదు. విద్యార్థి చూపు సహజంగానే యాంప్లిఫయరు గళ్ల మీద నిలుస్తుంది.

పాత సెట్లకు నిజమైన జబ్బు వేరే ఉన్నది. ఇవన్నీ సూపర్‌హెటరోడైన్ గ్రాహకాలు. వచ్చిన సంకేతాన్ని స్థానిక డోలకపు పౌనఃపున్యంతో కలిపి, రెండింటి భేదాన్ని మధ్యమ పౌనఃపున్యంగా తీసుకొంటాయి. ఎస్.-38లో ఈ భేదం 455 కిలోహెర్ట్జ్. 14.2 మెగాహెర్ట్జ్ వినడానికి డోలకం 14.655 వద్ద నడుస్తుంది. కాని 15.11 మెగాహెర్ట్జ్‌కూ 14.655కూ భేదం కూడా 455 కిలోహెర్ట్జే! దీనిని ప్రతిబింబ పౌనఃపున్యం అంటారు. 15.1 మెగాహెర్ట్జ్‌తో 19 మీటర్ల ప్రసార పట్టీ ప్రారంభమవుతుంది. అందుచేత హాముల పట్టీలో ఎవరి గొంతో వినబోతే ఏ దేశపు వార్తలో వినిపిస్తాయి. కొత్తగా విన్నవాడు సెట్టుకు అన్నీ అందుతున్నాయని సంతోషిస్తాడు కూడా.

దీనిని ఆపగలిగేది మిశ్రకానికి ముందు ఉండే అనునాద వలయాలు మాత్రమే. వలయపు క్యూ విలువ 80 అనుకొని లెక్క వేస్తే, 14.2 మెగాహెర్ట్జ్‌కు శ్రుతి చేసిన ఒక వలయం 15.11ను సుమారు 10వ వంతుకు తగ్గిస్తుంది. ఎస్.-38లో ఇటువంటి వలయం ఒక్కటే. హెచ్.ఆర్.ఓ.లో మధ్యమ పౌనఃపున్యం దాదాపు అంతే అయినా మిశ్రకానికి ముందు రెండు వర్ధక దశలు, మూడు వలయాలు ఉండడం వల్ల ప్రతిబింబం వెయ్యో వంతుకు తగ్గుతుంది. ఆర్.1155లో మధ్యమ పౌనఃపున్యం 560 కిలోహెర్ట్జ్, వలయాలు రెండు. తగ్గుదల సుమారు 150 రెట్లు. ప్రతిబింబం మాత్రం అదే ప్రసార పట్టీలో 15.32 వద్ద పడుతుంది. బి.సి.-348 రూపకర్తలు 915 కిలోహెర్ట్జ్‌ను ఎన్నుకొన్నారు. ప్రతిబింబం 16.03కు వెళ్లిపోతుంది, అది ఆ ప్రసార పట్టీకి బయట ఉన్నది. పైగా మూడు వలయాలు కలిసి దానిని ఏడువేల వంతులలో ఒక వంతుకు తగ్గిస్తాయి. గ్రాహకాన్ని నిర్మించేవాని ప్రతిభ ఇటువంటి ఎంపికలో తెలుస్తుంది. వాల్వుల సంఖ్య చూచి సెట్టు గొప్పదనం నిర్ణయించేవారు ఈ విషయం గమనించరు.

ఇక్కడ ముందర తగిలించే యాంప్లిఫయరు పరిస్థితి ఏమిటి? అది శ్రుతి వలయం లేని రకమైతే, 14.2నూ 15.11నూ ఒకే రీతిగా పెంచుతుంది. జబ్బు ఉన్నచోటే ఉంటుంది. శ్రుతి వలయాలు గల రకమైతే, దానినే ప్రీసెలెక్టరు అంటారు, ఎస్.-38 వంటి సెట్టుకు మేలు చేస్తుంది. ఈ మేలు వాల్వు వల్ల వచ్చినది కాదు, వలయాల వల్ల వచ్చినది. వాల్వు లేకుండా రెండు కాయిళ్లు, ఒక రెండు గ్యాంగుల కండెన్సరుతో చేసినా 14 మెగాహెర్ట్జ్ వద్ద మేలులో అధికభాగం దక్కుతుంది. సలహాలు చెప్పేవారు రెండింటికీ ఒకే పేరు పెట్టి, కీర్తి అంతా యాంప్లిఫయరుకు కట్టబెట్టారు.

ఇంతకంటె ప్రమాదమైన సలహా మరొకటి ఉన్నది. అది కాగితంపై చాలా శాస్త్రీయంగా కనిపిస్తుంది. ఆర్.సి.ఏ. ఇంజనీరు డబ్ల్యు. ఎ. హారిస్ 1941లో వాల్వుల రొదను వాటికి సమానమైన నిరోధంగా లెక్కకట్టాడు. ఆ లెక్కలో 6ఎస్‌కె7 వాల్వుకు సుమారు 10,500 ఓములు, 6ఎసి7 వాల్వుకు 720 ఓములు. రెండూ ఒకే సాకెట్టులో సరిపోతాయి. కనుక మొదటి దశలోని 6ఎస్‌కె7 లాగివేసి 6ఎసి7 దిగవేస్తే రొద పద్నాలుగో వంతుకు పడిపోతుందని వాదన. అంకెలు నిజమే. కాని 7 మెగాహెర్ట్జ్ వద్ద ఆ రొద అసలు లెక్కలోకే రాదని పైన చూచాము. పోగొట్టుకొనేది మాత్రం లెక్కలోకి వస్తుంది. 6ఎస్‌కె7 చలనశీల వర్ధకాంకం గల వాల్వు. బలమైన పక్క స్టేషను గొంతు, వినదలచిన స్టేషనుపై అచ్చుపడకుండా ఉండడానికే బాలంటైన్, స్నో అనే ఇద్దరు 1930లో ఈ రకపు వాల్వును ప్రతిపాదించారు. 6ఎసి7కు ఆ గుణం లేదు. వాల్యూం కంట్రోల్ వోల్టేజి కొద్దిగా పెరగగానే అది టక్కున మూసుకుపోతుంది, పోతూపోతూ సంకేతాలను కలగాపులగం చేస్తుంది. ఇంకొక చిక్కు: 6ఎస్‌కె7 ఫిలమెంటు 0.3 ఆంపియరు తీసుకొంటే, 6ఎసి7ది 0.45. బి.సి.-348లో ఫిలమెంట్లను 28 వోల్టులకు సరిపడేలా వరుసకట్టారు. ఆ వరుసలో ఒక వాల్వును మారిస్తే తక్కినవాటికి వోల్టేజి పంపకం తప్పుతుంది. ఒక్క అంకె చూచి చేసిన వైద్యం ఇది.

బలమైన స్టేషన్ల సంగతి ఇంకొంత చూడవలె. 7.1 నుంచి 7.2 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న భాగాన్ని ప్రసార కేంద్రాలు 2009 మార్చి చివర ఖాళీ చేశాయి. 7.2కు పైన ప్రసారాలు కొనసాగాయి. ఆకాశవాణి హైదరాబాదు కేంద్రం కొంతకాలం 7420 కిలోహెర్ట్జ్‌పై హ్రస్వతరంగ ప్రసారం చేసినది. అటువంటి బలమైన స్టేషను ఒకటి 7.42 వద్ద, మరొకటి 7.26 వద్ద ఉన్నవనుకొందాము. మిశ్రకం ఈ రెండింటినీ భరించలేనపుడు, 7.26కు రెట్టింపులో నుంచి 7.42 పోగా మిగిలిన 7.10 మెగాహెర్ట్జ్ వద్ద ఒక దొంగ సంకేతాన్ని పుట్టిస్తుంది. హాముల పట్టీ నడిబొడ్డున వినిపించే ఈ కలగలుపు గోల గాలిలో లేదు, పెట్టెలోనే పుట్టినది. దీని స్వభావం విచిత్రమైనది. లోపలికి వచ్చే వోల్టేజి పది రెట్లు పెరిగితే వినదలచిన సంకేతం పది రెట్లే పెరుగుతుంది, ఈ దొంగ సంకేతం మాత్రం వెయ్యి రెట్లు పెరుగుతుంది. ముందర యాంప్లిఫయరు చేసే పని ఇదే.

తిరగవేసి చూడండి. లోపలికి వచ్చే వోల్టేజిని మూడో వంతుకు తగ్గిస్తే వినదలచిన సంకేతం మూడో వంతుకు తగ్గుతుంది, బయటి రొద మూడో వంతుకు తగ్గుతుంది, కాబట్టి వాటి నిష్పత్తి చెడలేదు. దొంగ సంకేతం 27వ వంతుకు పడిపోతుంది. దీనికి కావలసినవి మూడు కార్బన్ నిరోధకాలు: ఏరియల్ వైపు 100 ఓములు ఒకటి, గ్రాహకం వైపు 100 ఓములు ఒకటి ఎర్తుకు, రెండింటి నడుమ 68 ఓములు. యాంప్లిఫయరుకు బదులు దీనిని పెట్టమంటే విద్యార్థి నవ్వుతాడు. వినిపించి చూపితే ఊరుకొంటాడు.

అదేవిధంగా, నేటి హాములు మాట్లాడే సింగిల్ సైడ్‌బ్యాండు ప్రసారాలు పాత సెట్టులో బాతు అరుపుల్లా వినిపిస్తున్నాయని అనేవారు చాలామంది. అందుకు సర్క్యూటు మార్చనక్కరలేదు, ముందుగా గుండీలు తిప్పే పద్ధతి మార్చుకోవలె. సైడ్‌బ్యాండులో వాహకతరంగం ఉండదు. దానిని సెట్టులోని బి.ఎఫ్.ఓ. డోలకం సరఫరా చేయాలి. ఆ డోలకపు వోల్టేజి సంకేతం కంటె బాగా ఎక్కువగా ఉంటేనే మాట శుభ్రంగా విడివడుతుంది. టెలిగ్రాఫు సంకేతాలకని చేసిన పాత సెట్లలో అది బలహీనంగా ఉంటుంది. కాబట్టి ఆటోమాటిక్ వాల్యూం కంట్రోలు ఆపి, శబ్దం గుండీని పూర్తిగా పెంచి, రేడియో పౌనఃపున్యపు గుండీని అవసరమైనంత తగ్గించుకోవలె. ఇంతకాలమూ దీనికి విరుద్ధంగా తిప్పుతూ సెట్టును తిట్టినవారెందరో! ప్రోడక్టు డిటెక్టరు చేర్చడం తర్వాతి మాట. అది మంచి మార్పే, చేర్చదలచినవారు చేర్చుకోవచ్చును.

యంత్రం నిజంగా ముసలిదై బలం తగ్గిన చోట్లు వేరే ఉన్నవి. మైనపు కాగితపు కండెన్సర్లు వాటిలో మొదటివి. ఏళ్లు గడిచేసరికి వాటిలో తేమ చేరి విద్యుత్తు కారుతుంది. శబ్ద వర్ధకపు ఆనోడు నుంచి చివరి వాల్వు గ్రిడ్డుకు పోయే కండెన్సరును తీసుకొందాము. అది 10 మెగోముల నిరోధంగా మారినదనుకొందాము. చిన్న లోపమే అనిపిస్తుంది. ఆనోడు వద్ద 200 వోల్టులు, గ్రిడ్డు నిరోధకం 0.47 మెగోము అయితే, గ్రిడ్డుపై సుమారు 9 వోల్టుల ధన వోల్టేజి వచ్చి కూర్చుంటుంది. 12.5 వోల్టుల ఋణ బయాసు కావలసిన 6వి6 వాల్వుకు అప్పుడు మిగిలేది మూడున్నర. వాల్వు కాగుతుంది, ట్రాన్స్‌ఫార్మరు కాలుతుంది. అటువంటిదే మరొక కండెన్సరు వాల్యూం కంట్రోల్ తీగపై కారితే ముందరి దశలన్నీ అదుపు తప్పుతాయి. సెట్టు మందగించినదని ముందర యాంప్లిఫయరు పెట్టేవాడు ఈ రోగాన్ని కప్పిపెడుతున్నాడు. కారే కండెన్సర్లు మార్చి, విలువ పెరిగిన కార్బన్ నిరోధకాలు మార్చి, వాల్వు సాకెట్ల మురికి తుడిచిన తర్వాతనే ట్రిమ్మర్లను ముట్టుకోవలె. ట్రిమ్మర్లను సిగ్నల్ జనరేటరు లేకుండా చెవితో తిప్పినవాని సెట్టును తిరిగి దారికి తేవడానికి, ముట్టుకోని సెట్టు కంటె ఎక్కువ సమయం పడుతుంది.

హుజూర్‌నగర్ వంటి చోట విద్యుత్తు సరఫరా కూడా గ్రాహకంలో ఒక భాగమే అనుకోవలె. నాగార్జునసాగరు ఎడమ కాలువ కింద నాట్లు సాగే రోజులలో, పంపుసెట్లు ఒక్కసారిగా నడిచే వేళ, వోల్టేజి పడిపోతే 6.3 వోల్టుల ఫిలమెంటు ఏమవుతుంది? 230కి బదులు 180 వస్తే 4.9 వోల్టులు. వాల్వు ఉద్గారం తగ్గి, స్థానిక డోలకం ఎత్తైన పట్టీలలో ఆగిపోవచ్చును. ఆగకపోయినా పౌనఃపున్యం జారుతుంది. మాట్లాడే మనిషి గొంతు సన్నబడుతూ లావవుతూ వినిపిస్తుంది. డోలకానికి 150 వోల్టుల వాయువాల్వుతో స్థిరమైన సరఫరా ఇవ్వడం, సెట్టుకు ఒక మంచి స్టెబిలైజరు పెట్టడం, ఇవి డబ్బు పెట్టదగిన మార్పులు.

ఎస్.-38 వంటి ఏ.సి./డి.సి. సెట్ల విషయంలో ఒక హెచ్చరిక తప్పదు. వీటిలో ట్రాన్స్‌ఫార్మరు ఉండదు. మెయిన్స్ తీగ ఒకటి చాసిస్ వైపు వలయానికే చేరుతుంది. నాలుగు 12 వోల్టుల వాల్వులు, రెండు 35 వోల్టుల వాల్వులు వరుసలో కలిసి సుమారు 120 వోల్టులు తీసుకొంటాయి. 230 వోల్టుల సరఫరాపై నడపాలని కొందరు వరుసలో ఒక నిరోధకం పెడతారు. అది ఫిలమెంట్ల కరెంటుకే 16 వాట్లకు పైగా వేడిని ఇస్తుంది. విద్యుద్ఘాతపు భయం మాత్రం పోదు. 230 నుంచి 115 వోల్టులకు దించే, రెండు చుట్లు వేరువేరుగా ఉన్న ట్రాన్స్‌ఫార్మరు లేకుండా అటువంటి సెట్టును పాఠశాలలోకి తేకూడదు. ఆటోట్రాన్స్‌ఫార్మరు చాలదు. దాని చుట్టు ఒక్కటే కాబట్టి మెయిన్స్ నుంచి రక్షణ ఇవ్వదు.

బయటి రొద ఇన్ని వేల యూనిట్లయినపుడు, దానిని తగ్గించడం కంటె పెద్ద మెరుగు ఏముంటుంది? పుస్తకాలు ఏరియల్ అధ్యాయాన్ని చివర పెట్టడం వల్ల కాబోలు, దీనిని పట్టించుకొనేవారు తక్కువ. ఇంటి గోడ వెంట పోయే తీగ ఎల్.ఇ.డి. దీపాల రొదను, చార్జర్ల రొదను వింటుంది. ఇంటికి దూరంగా రెండు తాటిచెట్ల నడుమ కట్టిన తీగ వాటిని అంతగా వినదు. 7.1 మెగాహెర్ట్జ్‌కు సగం తరంగదైర్ఘ్యపు తీగ సుమారు 20 మీటర్లు. నడుమ తెంపి, కోయాక్సియల్ కేబులుతో దింపితే చాలును. హుజూర్‌నగర్ చుట్టుపక్కల మట్టపల్లి, మేళ్లచెరువు వైపు సున్నపురాయి నేల, సిమెంటు కర్మాగారాలు ఉన్నవి. ధూళి పట్టిన విద్యుత్తు ఇన్సులేటర్లపై తెల్లవారుజామున మంచు తడి చేరితే చిన్నచిన్న విసర్జనలు జరిగి, రేడియోలో ఎడతెగని బుస్సుమనే శబ్దం వస్తుంది. ఎండెక్కి తడి ఆరితే ఆగిపోతుంది. ఈ రొద ఏ వేళ వస్తున్నదో, ఏ దిక్కున ఎక్కువగా ఉన్నదో ఒక చిన్న ట్రాన్సిస్టరు రేడియోతో తిరిగి కనిపెట్టడం విద్యార్థులకు మంచి ప్రాజెక్టు.

పాత గ్రాహకాలను అసలు ముట్టుకోరాదనే వర్గమొకటి ఉన్నది. కారుతున్న కండెన్సరును కూడా చరిత్ర పేరిట అలాగే ఉంచమనడం అతి. నడవని గ్రాహకం వినిపించేది లేదు. ముఖపలకకు రంధ్రాలు తొలిచి కొత్త గుండీలు బిగించేవారిది మరొక అతి. బి.సి.-348లోని డైనమోటరును తీసి, ఆ ఖాళీలో మెయిన్స్ సరఫరా అమర్చడం న్యాయమైన మార్పు. తిరిగి పెట్టుకోవచ్చును. దానిలోని స్ఫటిక వడపోతను స్థలం కోసం పీకివేయడం మాత్రం తెలివితక్కువ పని. పట్టీ కిక్కిరిసిన ఈ రోజులలో పనికివచ్చే భాగం అదే.

ముందర యాంప్లిఫయరుకు అసలే చోటు లేదా? ఉన్నది. పౌనఃపున్యం పెరిగినకొద్దీ బయటి రొద తగ్గుతుంది. 28 మెగాహెర్ట్జ్ వద్ద గ్రామీణ ప్రాంతపు లెక్క సుమారు 500 యూనిట్లు. మానవ రొద అందని చోట మిగిలేది పాలపుంత నుంచి వచ్చే రొద, సుమారు 75 యూనిట్లు. ముందు దశ లేకుండా సంకేతాన్ని నేరుగా మిశ్రకానికి పంపే సెట్టులో, 6ఎస్‌ఏ7 వంటి మిశ్రక వాల్వుకు హారిస్ లెక్కలో 2,40,000 ఓములున్నది కాబట్టి, గ్రాహకపు రొద వందల యూనిట్లకు చేరగలదు. దానిని 300 అనుకొంటే, ఏకాంతమైన చోట మొత్తం 375. మంచి యాంప్లిఫయరుతో అది 80 లోపుకు వస్తుంది. ఇక్కడ తేడా చెవికి తెలుస్తుంది. అయితే ఎస్.-38కు 28 మెగాహెర్ట్జ్ వద్ద ప్రతిబింబం బాధ మరింత ఎక్కువ. కనుక యాంప్లిఫయరుతోపాటు రెండు శ్రుతి వలయాలూ పెట్టాలి. 7 మెగాహెర్ట్జ్‌కు తిరిగి వచ్చేటపుడు దానిని తప్పించడానికి ఒక స్విచ్చి కూడా పెట్టుకోవలె. పనిచేసిన తర్వాత తీసివేసిన పాత భాగాలను ఒక పొట్లంలో కట్టి, ఏది ఎక్కడిదో రాసి, పెట్టె అడుగున ఉంచితే తర్వాత ఆ సెట్టును తెరిచేవానికి పని తేలికవుతుంది.